టొయోటా ఊళ్ళో సోమవారం నుంచి శుక్రవారం దాకా

టోక్యో స్టేషన్‌లో ఈశాన్యం వైపు వెళ్ళే షింకన్‌సెన్ బుల్లెట్ రైళ్ళ ప్లాట్‌ఫారం మీద, రైలు ఇంకా రాకముందే, శుభ్రం చేసే సిబ్బంది ఒక్కో పెట్టె ఆగేచోట వచ్చి నిలబడతారు. రైలు లోపలికి వస్తుంటే వంగి నమస్కరిస్తారు. దిగేవాళ్ళ చేతుల్లో ఖాళీ సీసాలూ కాగితాలూ ఉంటే సంచి తెరిచి పట్టుకుని అందుకుంటారు. ఆఖరి మనిషి దిగగానే లోపలికి వెళ్తారు. వాళ్ళకుండేది ఏడు నిమిషాలు. అంతలోనే సీట్లన్నీ వెళ్ళబోయే దిక్కుకి తిప్పాలి, సీటు ముందరి చిన్న బల్లలు తుడవాలి, తల ఆనించే చోట గుడ్డ మాసి ఉంటే మార్చాలి, పై అరల్లో ఎవరైనా సామాను మరిచిపోయారేమో చూడాలి, నేల ఊడవాలి. అరవైకి దగ్గర పడ్డట్టున్న ఒకావిడ కిటికీలోంచి నాకు కనిపిస్తూనే ఉంది. ఎక్కడా పరుగెత్తలేదు. చెయ్యి ఒక సీటు మీద ఉండగానే కన్ను తర్వాతి సీటు మీదికి వెళ్తోంది. పని అయ్యాక అందరూ బయటికి వచ్చి, వరుసలో నిలబడి, ఎక్కబోయేవాళ్ళకి నమస్కరించి వెళ్ళిపోయారు.

ఈ పని చేసే సంస్థ పేరు టెస్సే. జె.ఆర్. ఈస్ట్ రైల్వేకి అనుబంధ సంస్థ. 2005లో తెరువో యాబె అనే రైల్వే అధికారి అక్కడికి వచ్చేనాటికి ఆ పని మీద లోకానికీ, చేసేవాళ్ళకీ కూడా పెద్ద గౌరవం లేదు. ఆయన యూనిఫారాలు మార్పించాడు. ఊడ్చేవాళ్ళ సూచనలు అడిగి అమలు చేశాడు. తోటివాళ్ళు చేసిన మంచి పని కంటపడితే రాసి పంపే పద్ధతి పెట్టాడు. గడువు మాత్రం ఏడు నిమిషాలే. తర్వాత హార్వర్డ్ బిజినెస్ స్కూలు దీన్ని పాఠంగా రాసుకుంది.

నేను ఈ దేశానికి వచ్చింది ఇలాంటివి చూడాలనే. ఉద్యోగమంతా హైదరాబాద్ శివార్లలో మందుబిళ్ళల ప్యాకింగ్ సెక్షన్లలో గడిచింది. అక్కడ కూడా కైజెన్ వారాలు జరిగేవి, అంటే ఏదో ఒక పనిని ఐదు రోజుల్లో మెరుగుపరిచే ప్రయత్నాలు. బయటి నుంచి సలహాదారు వచ్చేవాడు. బ్యానరు కట్టేవాళ్ళు, అందరికీ ఒకే రంగు టీషర్టులు ఇచ్చేవాళ్ళు, నేల మీద పసుపు టేపు అంటించేవాళ్ళు. శుక్రవారం సాయంత్రం కేకు కోసేవాళ్ళు. రెండు మూడు నెలలయ్యేసరికి టేపు ఊడిపోయేది, బల్లలు పాతచోటికే వెళ్ళిపోయేవి, ముందు ఎలా ఉంది తర్వాత ఎలా ఉంది అని తీసిన ఫోటోలు గోడ మీద మిగిలేవి. పనిచేసేవాళ్ళు సోమరులు కారు, వచ్చిన సలహాదారుకి విద్య తక్కువా కాదు. అయినా నిలిచేది కాదు. ఒకచోట ఐదు రోజుల పని ఏళ్ళ తరబడి నిలుస్తుంది, ఇంకోచోట వానకి ముగ్గులా పోతుంది. ఎందుకని? మా అక్క కొడుకు నగోయా దగ్గర కారు విడిభాగాల కంపెనీలో ఇంజనీరు. తమ కంపెనీకి సరుకు పంపే చిన్న ఫ్యాక్టరీల్లో ఇలాంటి పనుల కోసమే తిరుగుతుంటాడు. "రా పిన్నీ, కూర్చుని చూద్దువు గాని" అన్నాడు. బయల్దేరాను.

టోక్యో నుంచి నగోయాకి కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంటే ఫుజి కొండ కనిపిస్తుంది. ఆ రోజు మబ్బు లేదు. తర్వాత షిజువోకా తేయాకు తోటలు. దువ్వి పెట్టినట్టు గుండ్రటి వరుసలు. ఆ తర్వాత రైలు హమనా సరస్సు మీదుగా దూసుకుపోతుంది. సరస్సుకి పడమటి ఒడ్డున ఉన్న కొసాయ్ ప్రాంతంలోనే 1867లో ఒక వడ్రంగికి సకీచి టొయోదా అనే కొడుకు పుట్టాడు. ఆ పేరు నాకు నగోయాలో మళ్ళీ ఎదురైంది.

నగోయాలో పొద్దున్నే కాఫీ హోటల్‌కి వెళ్ళి కాఫీ చెబితే దానితో పాటు టోస్టూ ఉడికించిన గుడ్డూ అదే ధరకి వస్తాయి. ఆ ఊరివాళ్ళు దీన్ని చాలా మామూలుగా, హక్కులా తీసుకుంటారు. టోస్టు మీద వెన్నతో పాటు ఎర్ర చిక్కుడు గింజల ముద్ద తియ్యగా దట్టంగా రాసి ఇస్తారు. నోట్లో పెట్టుకోగానే బొబ్బట్టులో పూర్ణం తిన్నట్టే ఉంది. పక్క బల్ల దగ్గర ముసలాయన చూనిచి పేపరు పూర్తిగా చదివి, మళ్ళీ మడతలన్నీ మొదట ఎలా ఉన్నాయో అలా సరిచేసి, కర్రకి తగిలించి వెళ్ళాడు. తర్వాత చదివేవాళ్ళ కోసం.

టొయోటా వాళ్ళ పరిశ్రమల మ్యూజియం ఎర్ర ఇటుకల పాత భవనంలో ఉంది. 1911లో సకీచి మగ్గాల ప్రయోగాల కోసం కట్టించిన చోటే అది. లోపల సగం కార్లు, సగం మగ్గాలు. నేను మగ్గాల దగ్గరే ఉండిపోయాను. సకీచి తల్లి చేతి మగ్గం మీద నేసేదట. ఆమె పడే శ్రమ చూస్తూ పెరిగిన కుర్రాడు 1890లో చెక్క మగ్గం ఒకటి మెరుగు చేశాడు. అంతకుముందు రెండు చేతులూ కావలసిన పని ఒక చేత్తో అయ్యేలా. 1924 నాటికి తండ్రీ కొడుకులు కలిసి తయారు చేసిన జి రకం మగ్గం, నడుస్తుండగానే నాడెని తనంతట తానే మార్చుకుంటుంది. నూలు తెగితే ఆగిపోతుంది. అక్కడి సహాయకురాలు మా కళ్ళ ముందే పడుగులో ఒక పోగు తెంచింది. మగ్గం టక్కున నిలిచింది. పాడైన గుడ్డ ఒక్క అంగుళం కూడా రాలేదు. 1929లో ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్ కంపెనీ లక్ష పౌండ్లకి ఈ మగ్గం పేటెంటు హక్కులు కొనడానికి ఒప్పందం చేసుకుంది.

అది చూస్తున్నంతసేపూ నాకు ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం గుర్తుకొస్తూనే ఉన్నాడు. పోచంపల్లి చీరకి ఆసు పోయాలంటే, అంటే నేతకి ముందు పోగుని మేకుల చుట్టూ చుట్టాలంటే, చెయ్యి ఒక చీరకి వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. భుజం పోటుతో తల్లి లక్ష్మమ్మ ఇక ఆ పని చెయ్యలేనంటే, బడి మధ్యలోనే మానేసిన ఆ కుర్రాడు ఏళ్ళు పట్టుదలగా తిరిగి 1999లో ఆసు యంత్రం పూర్తి చేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. సకీచికీ మల్లేశానికీ మధ్య నూరేళ్ళు, ఒక సముద్రం. ఇద్దరూ మొదలుపెట్టింది ఎదురుగా కూర్చుని పనిచేస్తున్న ఒక మనిషి ఒంటి నొప్పి దగ్గర. ఉత్పత్తి పెంచాలనే లెక్క దగ్గర మొదలుపెట్టి ఉంటే ఇద్దరూ వేరేదేదో చేసేవాళ్ళు. మా ప్యాకింగ్ సెక్షన్ కైజెన్ వారాల్లో బోర్డు మీద రాసే మొదటి వాక్యం ఎప్పుడూ శాతాల్లో ఉండేది. భుజం గురించి ఒక్కసారి కూడా లేదు.

నగోయా నుంచి టొయోటా ఊరికి రైల్లో వెళ్తుంటే బీడు కనిపించదు. వరి కోసిన చిన్న మడులు, వాటి మధ్య నీలం రేకుల షెడ్లు, మళ్ళీ మడులు. ఊరి అసలు పేరు కొరొమో, ఒకప్పుడు పట్టుపురుగుల పెంపకానికి పేరు. 1959లో కంపెనీ పేరే ఊరికి పెట్టారు. అక్కడి ఫ్యాక్టరీని పైనున్న నడవాలోంచి చూపిస్తారు. కింద కార్లు మెల్లగా కదులుతుంటాయి. ఎవరికైనా బిగింపు సరిగ్గా పడలేదనిపిస్తే నెత్తి మీదున్న తాడు లాగుతారు. పైన బోర్డు మీద ఆ చోటి సంఖ్య పసుపు రంగులో వెలుగుతుంది, ఒక చిన్న పాట మోగుతుంది. ఆ పాట విన్న టీం లీడరు నడిచి వస్తాడు. కారు ఫలానా గీత దాటేలోపు ఇద్దరూ కలిసి సరిచేస్తే లైను ఆగదు, లేకపోతే ఆగుతుంది. నేను నిలబడ్డ కాసేపట్లోనే ఆ పాట ఎన్నోసార్లు వినిపించింది. తాడు లాగినవాడి వైపు ఎవరూ గుర్రుగా చూడలేదు. వచ్చిన లీడరు ముందు తల కొంచెం వంచి, తర్వాత కారు వైపు చూశాడు.

ఈ మర్యాద ఊరికే రాలేదు. 1950లో ఇక్కడ అప్పులు, సమ్మె, ఉద్యోగాల కోత అన్నీ కలిసి వచ్చాయి. కంపెనీ పెట్టిన కీచిరో టొయోదా, సకీచి కొడుకు, బాధ్యత తనదని రాజీనామా చేశాడు. మరుసటి ఏడాదే, 1951లో, పనివాళ్ళు ఆలోచనలు రాసి ఇచ్చే పద్ధతి మొదలైంది. 1962లో యూనియనూ యాజమాన్యమూ కలిసి ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. నువ్వు చెప్పిన మెరుగుదల వల్ల నీ పక్కవాడి ఉద్యోగం పోదన్న నమ్మకం ఆ ఏళ్ళలో కుదిరింది. మనం ఐదు రోజుల పని అని తెచ్చుకునేటప్పుడు ఈ పన్నెండేళ్ళని అక్కడే వదిలేస్తాం.

ఆదివారం అదే టొయోటా మునిసిపాలిటీలో, కొండల్లో ఉన్న అసుకె అనే పాత ఊరికి తీసుకెళ్ళాడు మా వాడు. తొమొయె నది ఒడ్డున కొరాంకే లోయ. నవంబరు కావడంతో మేపుల్ చెట్లన్నీ ఎర్రబడ్డాయి. నీళ్ళ మీద కూడా అదే రంగు. పదిహేడో శతాబ్దంలో కొజాకుజి గుడి పెద్ద భిక్షువు హృదయసూత్రం పారాయణ చేస్తూ ఒక్కో మొక్కే నాటాడని చెబుతారు. ఇప్పుడు నాలుగు వేల దాకా ఉన్నాయి. జనం తిరునాళ్ళలా ఉన్నారు గాని తోపులాట లేదు. ఎర్ర వంతెన మీద ఫోటో తీసుకునేవాళ్ళు తీసుకోగానే పక్కకి జరిగి, వెనకాలవాళ్ళకి చోటిచ్చి, సారీ చెప్పి మరీ వెళ్తున్నారు. మెదిపిన అన్నం ముద్దని పలకలా వత్తి కర్రకి గుచ్చి, తియ్యటి మిసో, అంటే పులియబెట్టిన సోయా గింజల ముద్ద, పూసి నిప్పుల మీద కాల్చి అమ్ముతున్నారు. ఈ కొండల్లో దాని పేరు గొహేమోచి. రెండు తిన్నాను.

సోమవారం మా వాడి కంపెనీకి సరుకు పంపే ఒక చిన్న ఫ్యాక్టరీకి వెళ్ళాం. వందమందికి మించి ఉండని షెడ్డు. నోటీసులు జపనీస్ పక్కనే పోర్చుగీసులో కూడా ఉన్నాయి. ఈ ప్రాంతంలో బ్రెజిల్ నుంచి తిరిగొచ్చిన జపాన్ సంతతివాళ్ళు చాలామంది ఉంటారు. ఆ వారానికి పెట్టుకున్న పని ఒకే ఒక్క బల్ల. కారు తలుపు లోపల పట్టే ఇనుప బ్రాకెట్‌కి రబ్బరు తొడిగి, స్క్రూ బిగించి, చూసి, పెట్టెలో సర్దే చోటు. కాగితం మీద లక్ష్యం రెండు ముక్కల్లో ఉంది. నడుం వంచడం పోవాలి, పెట్టెల కోసం నడక తగ్గాలి. కింద ఒక షరతు: కొత్త యంత్రం కొనకూడదు.

జట్టులో ఆరుగురు. ఆ బల్ల దగ్గర ఏళ్ళుగా పనిచేస్తున్న యాభై దాటిన ఒకావిడ. అక్కడే పనిచేసే బ్రెజిల్ కుర్రాడు. ఆ పెట్టెలు అందుకునే తర్వాతి సెక్షన్ మనిషి. మెయింటెనెన్స్‌లో రిటైర్‌మెంటుకి దగ్గరపడ్డ ఒకాయన. గ్రూపు లీడరు. ఆరో మనిషి అకౌంట్స్‌లో పనిచేసే అమ్మాయి, షాపు ఫ్లోరు మీద ఎప్పుడూ నిలబడని పిల్ల. మా వాడు జట్టులో లేడు. గోడ పక్కన నిలబడ్డాడు, అడిగితే తప్ప మాట్లాడలేదు.

నాకు మొదట ఆశ్చర్యం వేసిన సంగతి, బల్ల దగ్గర పని ఆగలేదు. వేరే లైను నుంచి ఇద్దర్ని వారమంతా అక్కడికి వేశారు. జట్టులో ఉన్నవాళ్ళని ఎవరూ మధ్యలో పిలవరు. మా దగ్గర మధ్యాహ్నం డిస్పాచ్ ఒత్తిడి వచ్చేసరికి సూపర్‌వైజర్ కేకేసేవాడు, జట్టు సగమయ్యేది. మిగిలిన సగంలో సలహాదారూ పెద్ద ఆఫీసరూ మాట్లాడుకునేవాళ్ళు. కాలం కేటాయించామని కాగితం మీద రాయడానికీ, నిజంగా ఇవ్వడానికీ ఉన్న తేడా ఆ వేరే లైను ఇద్దరిలో నాకు కనిపించింది. వాళ్ళని అక్కడికి పంపడం వల్ల ఇంకోచోట ఇబ్బంది పడింది. ఆ ఇబ్బందిని ఫ్యాక్టరీ పెద్ద తన మీద వేసుకున్నాడు.

పొద్దుటంతా ఎవరూ ఉపాయం చెప్పకూడదు. చూడాలి, అంతే. ఒకరి చేతిలో స్టాప్‌వాచీ. ఇంకొకరు కాగితం మీద మనిషి నడిచిన దారిని పెన్సిల్‌తో గీస్తున్నారు. గంట తిరిగేసరికి ఆ కాగితం సాలెగూడు అయింది. తన నడకే ఆ గీతలని చూసి పెద్దావిడ నోరు కప్పుకుని నవ్వింది. భోజనాలయ్యాక అకౌంట్స్ అమ్మాయి చాలా మెల్లగా అడిగింది, ఖాళీ పెట్టెలు నేల మీద ఎందుకున్నాయని. ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. చివరికి మెయింటెనెన్స్ ఆయన గుర్తు చేసుకున్నాడు. ఎప్పుడో అక్కడ ఒక పెద్ద చెక్క ప్యాలెట్ ఉండేదట. అది పోయింది, పెట్టెలు మాత్రం దాని చోట్లోనే కిందికి దిగాయి. పెద్దావిడ ఆనాటి నుంచీ వంగుతూనే ఉంది. అడగాల్సింది బయటివాళ్ళేనని నేననను. కానీ ఆ ప్రశ్న అడగడానికి ఆ పని తెలియని ఒక్క మనిషైనా ఉండాలి. ఆ ప్రశ్న విని చిన్నబుచ్చుకోని జట్టు కూడా ఉండాలి. ఆ రెండూ కలిసిన చోటు నేను అంతకుముందు ఎక్కువగా చూడలేదు.

ఆ సాయంత్రం బస్సులో మా వాడు ఒక సంగతి చెప్పాడు. మనం కైజెన్ వారం అనుకునే ఈ ఐదు రోజుల ముస్తాబు ఎక్కువగా అమెరికా దారిన లోకానికి అందిందట. టొయోటాలో ఉత్పత్తి పద్ధతిని తీర్చిదిద్దిన తయిచి ఓనో దగ్గర పని నేర్చుకున్న కొందరు 1987లో షిన్‌గిజుత్సు అనే సలహా సంస్థ పెట్టారు. 1988లో కనెక్టికట్‌లో డానహర్ వాళ్ళ ఇంజన్ బ్రేకుల ఫ్యాక్టరీలో పని మొదలుపెట్టారు. రోజువారీ అలవాటు లేని మనుషులకి ఒక్క కుదుపుతో చూపించడానికి వారం పద్ధతి బాగా పనికొచ్చింది. అక్కడి నుంచి ఆస్పత్రులకి కూడా పాకింది. సియాటిల్‌లోని వర్జీనియా మేసన్ ఆస్పత్రి పెద్దలు 2002లో జపాన్ వచ్చి చూసి వెళ్ళి, నర్సులూ డాక్టర్లూ కూర్చునే వారం రోజుల వర్క్‌షాపులు పెట్టారు. దానికి తోడు, ఈ మెరుగుదలల వల్ల ఎవరినీ ఉద్యోగం నుంచి తీసెయ్యమని మాట ఇచ్చారు. కనెక్టికట్‌లోనే వైర్‌మోల్డ్ కంపెనీకి 1991లో అధిపతిగా వచ్చిన ఆర్ట్ బైర్న్ కూడా మొదట ఇచ్చింది ఆ హామీయే. వారాన్ని తీసుకుని హామీని వదిలేసినవాళ్ళ కథలు ఎవరూ పుస్తకాల్లో రాయరు. నేను వాళ్ళ మధ్యే పనిచేశాను.

మంగళ, బుధవారాల్లో జట్టుని వాళ్ళ మానాన వదిలేసి ఒకజాకి వెళ్ళాను. ఒకజాకి కోట నుంచి పడమరగా ఎనిమిది వీధుల దూరంలో, పాత తొకైదో రహదారి పక్కన, హచ్చో మిసో చేసే రెండు ఇళ్ళు ఎదురెదురుగా ఉన్నాయి. మనిషి ఎత్తు దాటిన దేవదారు పీపాలు. ఒక్కోదాంట్లో ఆరు టన్నుల దాకా సోయా గింజల ముద్ద, పైన మూడు టన్నుల నది రాళ్ళు. ఆ రాళ్ళని సిమెంటూ తాడూ లేకుండా చేత్తో శంకువులా పేరుస్తారు. భూకంపాలకి కూడా జారకూడదు. పేర్చడం చేతికి రావడానికి ఏళ్ళు పడుతుందట. రెండు ఎండాకాలాలు, రెండు చలికాలాలు దాటాకే పీపా తెరుస్తారు. లోపల చీకటి, కొంచెం పులుపూ కొంచెం చెక్క వాసనా కలిసిన గాలి. బయటికొచ్చాక ఆ నల్లటి మిసోలో ఉడికించిన ఉడాన్ నూడుల్స్ తిన్నాను. మట్టిపాత్రలో పొంగుతూనే తెచ్చి పెట్టారు. ఉడాన్ కొంచెం బిరుసుగా, పలుకు మిగిలి ఉంది. అలాగే ఉండాలట.

ఆ చీకటి గదిలో నాకు పారిశ్రామిక ఇంజనీరు షిగెవో షింగో రాసిన సంగతి ఒకటి గుర్తొచ్చింది. 1969లో టొయోటాలో వెయ్యి టన్నుల ప్రెస్సుకి అచ్చు మార్చాలంటే నాలుగు గంటలు పట్టేది. ఆరు నెలలు కష్టపడి గంటన్నరకి తెచ్చారు. అది చాలదు, మూడు నిమిషాల్లో కావాలన్నారు. ఇంకో మూడు నెలలు పట్టింది, మూడు నిమిషాలకి వచ్చింది. మూడు నిమిషాల కథే అందరూ చెబుతారు. దాని కింద తొమ్మిది నెలలున్నాయి. మొదట ఏం చేశారంటే, యంత్రం ఆగితేనే చేయగలిగే పనినీ, నడుస్తుండగా ముందే చేసి పెట్టుకోగలిగే పనినీ విడదీశారు. ఇలా విడదీయడానికి డబ్బు అక్కర్లేదు. పక్కన నిలబడి చూసే ఓపిక కావాలి. ఓనో సుద్దముక్కతో నేల మీద గీత గీసి, అందులో నిలబడి చూడమని ఇంజనీర్లని గంటల తరబడి వదిలేసేవాడని ఇక్కడ అందరూ చెబుతారు. వారం రోజుల పనికి వచ్చే జట్టుకి ఈ ఓపిక ముందే ఉండాలి. అది సోమవారం పొద్దున నేర్పించేది కాదు. ఈ ఊరి ఫ్యాక్టరీల్లో ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ నెలకో కాగితమైనా రాసే అలవాటుంది. చాలా ఆలోచనలకి వచ్చే బహుమానం చిల్లర డబ్బులే. అయినా ప్రతి కాగితాన్నీ లీడరు చదివి జవాబు రాస్తాడు.

శుక్రవారం మళ్ళీ ఫ్యాక్టరీకి వెళ్ళేసరికి బల్ల దగ్గర ఇనుప గొట్టాలతో కట్టిన వాలు అర నిలబడి ఉంది. నడుం ఎత్తులో పెట్టెలు జారి వచ్చి ఆగుతున్నాయి. కాని అది మొదటి అర కాదని మా వాడు చెప్పాడు. మంగళవారం అట్టపెట్టెలతో నమూనా చేసుకున్నారు. బుధవారం కట్టిన అర కుడిచేతివాళ్ళకి సరిపోయింది. బ్రెజిల్ కుర్రాడిది ఎడమచెయ్యి. అతను ఏమీ అనలేదట. పెద్దావిడే చూసి చెప్పింది. గురువారం విప్పి, ఎటువైపైనా తిప్పేలా కట్టారు. అదే సాయంత్రం రెండో షిఫ్టు వాళ్ళని పిలిచి వాడి చూడమన్నారు. పొట్టిగా ఉండే ఒకావిడ ఎత్తు ఎక్కువైందంది. మేకుల్లాంటి పిన్నులు పెట్టి ఎత్తు మార్చుకునేలా చేశారు. మా దగ్గర పగటి షిఫ్టు చేసిన మార్పులన్నీ రాత్రి షిఫ్టు చేతిలో మొదటి రాత్రే పోయేవి. ఎందుకో ఇక్కడ నిలబడితే తెలిసింది. వాళ్ళని ఎవరూ అడగలేదు.

చివరి సమావేశం ఆ బల్ల పక్కనే, నిలబడే జరిగింది. ప్రొజెక్టరు లేదు. చేత్తో పెన్సిల్‌తో రాసిన పని క్రమం ఒక పెద్ద కాగితం మీద ఉంది. మళ్ళీ చెరిపి రాసుకోవడానికి పెన్సిలే మంచిదని గ్రూపు లీడరు చెప్పాడు. పెద్దావిడ వివరించింది. గొంతు వణికింది గాని ఆగలేదు. ఫ్యాక్టరీ పెద్ద వచ్చి అందరికంటే వెనకాల నిలబడి విన్నాడు. అయ్యాక తను అడిగిన మొదటి ప్రశ్న ఎంత సమయం మిగిలిందని కాదు. ఈ మార్పు వల్ల ఎవరికైనా ఇబ్బంది పెరిగిందా అని. తర్వాతి సెక్షన్ మనిషి చెయ్యెత్తాడు. పెట్టెలు ముందుకంటే తొందరగా వస్తున్నాయి, తన దగ్గర పేరుకుంటున్నాయి. అది రాసుకున్నారు. పూర్తికాని పనులు మూడు గోడ మీద రాశారు, ఒక్కోదాని పక్కన ఒక్కో పేరు, తేదీ. అందులో ఒకటి దీపం వెలుతురు సరిచేయించడం. దాని పక్కన ఫ్యాక్టరీ పెద్ద తన పేరే రాసుకున్నాడు.

సోమవారం నుంచి గ్రూపు లీడరు రోజూ షిఫ్టు మొదట్లో కాసేపు ఆ బల్ల దగ్గర నిలబడాలని ఒప్పుకున్నారు. ఎవరైనా పాత పద్ధతిలోకి జారితే కేకలెయ్యడానికి కాదు. జారారంటే కొత్త పద్ధతిలో ఏదో ఇబ్బంది ఉందనే వాళ్ళ లెక్క, అదేమిటో కనుక్కోవడానికి. ఆ బల్ల దగ్గర సమయం మిగిలింది కాబట్టి, అందరికంటే చేయి తిరిగిన పెద్దావిడనే అక్కడి నుంచి తీసి వచ్చే జట్టులో వేస్తారట. మిగిలినవాళ్ళు మిగులు మనుషులు కారని అందరికీ కనిపించేది ఇలాగే. నేను పనిచేసినచోట మార్పు వల్ల ఒక మనిషి మిగిలితే బలహీనుణ్ణి తీసేవాళ్ళు. ఆ తర్వాత వచ్చే వారంలో ఎవరు నోరు విప్పుతారు?

హైదరాబాద్ తిరిగి వచ్చాక ఒకరోజు పనిమీద రామచంద్రాపురం వైపు వెళ్ళాను. బి.హెచ్.ఇ.ఎల్. గేటు ముందు బస్సు చాలాసేపు ఆగింది. జపాన్‌లో కవొరు ఇషికావా చొరవతో 1962లో మొదలైన, పనివాళ్ళే చిన్న జట్లుగా కూడి పనిలో సమస్యలు విప్పుకునే క్వాలిటీ సర్కిళ్ళు మన దేశంలో మొదట కాలు పెట్టింది ఈ గేటు లోపలే, 1980లో. అప్పట్లో అక్కడ పెద్ద అధికారిగా ఉన్న ఎస్.ఆర్. ఉడ్పా వాటిని నిలబెట్టాడు. 1982లో దేశమంతటికీ క్వాలిటీ సర్కిల్ ఫోరం సికింద్రాబాద్ కేంద్రంగా ఏర్పడింది. అంటే ఈ విద్య మనకి కొత్తది కాదు, మన ఊళ్ళోనే దేశానికి బడి పెట్టింది. మన కార్మికులకి బుర్ర లేదనీ, జపాన్ వాళ్ళ రక్తంలోనే క్రమశిక్షణ ఉందనీ అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నాకు ఆ మాట వింటే కోపం వస్తుంది. టొయోటా ఊళ్ళో నేను చూసిన జట్టులో ఎడమచేతి కుర్రాడు బ్రెజిల్‌లో పుట్టాడు. అతని చుట్టూ ఉన్న ఏర్పాటు అతన్ని మాట్లాడనిచ్చింది. అతను మాట్లాడకపోతే పక్కావిడ మాట్లాడింది.

మొన్న మా వాడు ఫోన్ చేసినప్పుడు ఆ బల్ల సంగతి అడిగాను. మళ్ళీ మార్చారు పిన్నీ అన్నాడు. తర్వాతి సెక్షన్‌లో పెట్టెలు పేరుకోకుండా అరలో ఒక వరస తగ్గించేశారు, ఖాళీ పెట్టెలు వెనక్కి వెళ్ళడానికి కింద ఇంకో వాలు కట్టారు. ఏ జట్టు చేసిందని అడిగాను. జట్టేమీ లేదు, ఆ వారం షిఫ్టులో ఉన్నవాళ్ళే చేసుకున్నారన్నాడు. లీడరు పెన్సిల్ కాగితం మీద పాత గీత చెరిపి కొత్తది రాశాడట.